‘సక్కగ కూసో’ అంటే పిల్లలెందుకు బిగుసుకుంటారు

ఎండాకాలం సెలవులకు అమెరికా నుంచి పిల్లల్ని నల్లగొండకో పాలమూరుకో తీసుకుపోయే ముందు టికెట్లు, టీకాలు, మందులు అన్నీ చూసుకుంటాం. తీరా ఊరికి పోయాక పెండ్లి బంతిలో విస్తరి ముందు పది నిమిషాలు కింద కూర్చోలేక వాళ్లు అవస్థ పడతారు. నాయినమ్మ ‘సక్కగ కూసో బిడ్డా’ అంటుంది, మనమూ అదే అంటాం. వెంటనే పిల్ల రొమ్ము ముందుకు తోసి, నడుము విరిచి, ఊపిరి బిగబడుతుంది. రెండు నిమిషాల్లో మళ్లీ కూలబడుతుంది. మాట వినక కాదు. కటి, అంటే నడుము కింది ఎముకల గూడు, వెనక్కి ఒరిగి ఉన్నప్పుడు పైన ఎంత నిక్కినా నిలవదు, బిగించిన వీపు కండరాలు తొందరగా అలిసిపోతాయి.

అమెరికా కిండర్‌గార్టెన్లలో పిల్లలు రగ్గు మీద సక్లంముక్లం పెట్టుకునే కూర్చుంటారు. పై తరగతులకు పోయేకొద్దీ కుర్చీ, కారు సీటు, సోఫా తప్ప నేల దొరకదు. వాడని అలవాటు పోతుంది. కాబట్టి ప్రయాణానికి నెల రోజుల ముందు నుంచే ఇంట్లో నేలను మళ్లీ వాడడం మొదలుపెట్టాలి.

ముందు కుర్చీలోనే ఒక పని చేయించండి. రెండు అరచేతులు పైకి తిప్పి పిరుదుల కింద పెట్టుకోమనండి. చేతులకు రెండు గట్టి ఎముకలు తగులుతాయి. వాటి మీద మెల్లగా ముందుకు, వెనక్కి ఊగి, బరువు సరిగ్గా వాటి మీద పడే చోట ఆగాలి. పాదాలు గాలిలో వేలాడుతుంటే ఇది కుదరదు, కింద చిన్న స్టూలు వేయండి. నేల మీద కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తే గూను తప్పదు. దుప్పటి రెండు మూడు అంగుళాల మందం మడిచి పిరుదుల కింద పెడితే మోకాళ్లు దిగుతాయి. ఊళ్లో పెద్దవాళ్లు వేసుకునే పీట చేసే పని కూడా అదే, సిగ్గుపడకుండా అడిగి తీసుకోవచ్చు. మొదట ఐదు నిమిషాలు చాలు. మధ్యలో పైనున్న కాలు మార్చాలి. తొడలు లాగితే ఫర్వాలేదు, మోకాలి కీలు నొప్పెడితే లేవాలి.

అసలు కష్టం ఇక్కడుంది: పాత అలవాటే ఒంటికి సరైనదిగా తోస్తుంది. 1869లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో పుట్టిన ఎఫ్. ఎం. అలెగ్జాండర్ రంగస్థలం మీద పద్యాలు, నాటక భాగాలు వినిపించేవాడు. గొంతు పోతుంటే అద్దాల ముందు నిలబడి తనను తాను గమనించుకున్నాడు. నోరు తెరవబోయే ముందే తల వెనక్కి లాగి మెడను నొక్కేస్తున్నాడు. సరిచేశాననుకున్నప్పుడు కూడా అద్దంలో తల వెనక్కే ఉంది. అందుకే కదలబోయే ముందు ఒక్క క్షణం ఆగడం నేర్చుకున్నాడు. పిల్లలకు నేర్పాల్సింది ఈ ఆగడమే. రోజుకు ఒకే కదలిక ఎంచుకోండి, కుర్చీలోంచి లేవడం అనుకోండి. లేవబోయే ముందు ఆగి, దవడ బిగిసిందా, ఊపిరి ఆగిందా, గడ్డం పైకి లేచిందా చూసుకోవాలి. ఆ బిగువు వదిలేశాక లేవాలి. పక్క నుంచి ఫోన్లో పది సెకన్ల వీడియో తీసి చూపిస్తే, ‘నేను నిటారుగానే ఉన్నా’ అన్న పిల్లాడు తనంతట తానే తేడా పట్టుకుంటాడు. ‘వంగకు’ అనే బదులు ‘బరువు ఏ కాలి మీదుంది బిడ్డా?’ అని అడగండి. ఆజ్ఞకు ఒళ్లు బిగుసుకుంటుంది, ప్రశ్నకు చూసుకుంటుంది. చుట్టాల ముందు మాత్రం అడగొద్దు. ఈ సంగతి నాయినమ్మకు, తాతకు కూడా ముందే ఫోన్లో చెప్పి ఉంచితే మంచిది.

గొంతుక్కూర్చోవడానికి వేరే సాధన కావాలి, ఊళ్లో పాత మరుగుదొడ్డి వాడాలంటే తప్పదు. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కొంచెం బయటికి. చాలామందికి మడమలు లేస్తాయి, పిక్కలు బిగుసుకుపోయి చీలమండ వంగకపోవడం వల్ల. తువ్వాల చుట్టి మడమల కింద పెట్టండి, తలుపు చౌకట్టు పట్టుకోమనండి. ఇరవై ముప్పై సెకన్లతో మొదలుపెట్టి, వారానికోసారి తువ్వాల మందం తగ్గించండి.

ఇక వంగడం. నాయినమ్మ పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తుంటే పిల్లల్ని పక్క నుంచి చూడమనండి. మోకాళ్లు కొద్దిగా సడలి, పిరుదులు వెనక్కి పోయి, గజ్జల దగ్గర మడత పడుతుంది. వీపు పొడుగ్గానే ఉంటుంది. పిల్లలు బెల్టు పెట్టుకునే చోటే కీలుందనుకుని అక్కడ వంగుతారు. అరచేతి అంచును గజ్జల మడతలో పెట్టి, దాన్ని నొక్కేలా వంగమంటే తెలిసిపోతుంది. మిర్యాలగూడ వైపు నాట్లేసే ఆడవాళ్లూ ఇలాగే వంగుతారు. అయితే పొద్దంతా అట్లా వంగితే ఎవరి నడుమైనా నొస్తుంది, అదేదో ఆరోగ్య రహస్యమని పిల్లలకు చెప్పడం తప్పు.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు దిక్కు పల్లెల్లో నడుము వంగిపోయిన పెద్దవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో చాలామందిది అలవాటు కాదు. ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగడంతో వెన్నెముకలో ఎముకలను కలిపి పట్టే స్నాయువులు గట్టిపడ్డాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఫ్లోరైడ్, అక్కడి బోరు నీళ్లలో అంతకు చాలా ఎక్కువుండేది. గడ్డం రొమ్ముకు ఆనించలేరు, మోకాళ్లు మడవకుండా కింద పడ్డ నాణెం తీయలేరు. వాళ్లను చూపించి ‘నువ్వూ ఇట్లయితవ్’ అని పిల్లల్ని బెదిరించకండి. వాళ్లకు జరిగిన అన్యాయం అలవాట్ల లెక్కలోకి రాదు.

పిల్లల విషయంలోనూ ఏది అలవాటో ఏది ఎముకో తేల్చుకోవాలి. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. గూను పూర్తిగా సర్దుకుంటే చాలావరకు అలవాటే. పడుకున్నా గూను అట్లాగే ఉంటే డాక్టరుకు చూపించాలి. పది నుంచి పదిహేనేండ్ల వయసులో, ఎత్తు తొందరగా పెరిగే రోజుల్లో, ఇంకో పరీక్ష కూడా చేయండి. పాదాలు కలిపి, మోకాళ్లు నిటారుగా ఉంచి, చేతులు వేలాడేసి ముందుకు వంగమనండి. వెనక నిలబడి చూస్తే పక్కటెముకలు ఒకవైపు ఎత్తుగా కనిపిస్తున్నాయా? అయితే వెన్ను పక్కకు వంగుతోందేమో ఎక్స్‌రేతో తేల్చుకోవాలి. కూర్చునే సాధనలతో దాన్ని సరిచేద్దామని నెలలు పోగొట్టొద్దు.