పాకిస్తానీ పెళ్ళికి చెప్పులు కొనడం: నా అనుభవం

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి వాళ్ళది లాహోర్. పోయిన వారాంతంతో వాళ్ళ అక్క పెళ్ళి సంబరాలన్నీ ముగిశాయి కానీ నా మడమల మీద ప్లాస్టర్లు మాత్రం ఇంకా ఊడలేదు. లండన్‌లో ఉండే మనవాళ్ళకి ఇలాంటి పిలుపులు వస్తూనే ఉంటాయి కదా, అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

బట్టల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మెహందీకి పసుపు, ఆకుపచ్చ. బరాత్‌కి, అంటే పెళ్ళికొడుకు వాళ్ళు ఊరేగింపుగా వచ్చే రోజుకి, ముదురు రంగులు, ఎరుపు మాత్రం పెళ్ళికూతురికి వదిలేయాలి. వలీమాకి, అంటే పెళ్ళయ్యాక మగపెళ్ళివారిచ్చే విందుకి, లేత రంగులు. సగం నా స్నేహితురాలే అప్పిచ్చింది. మా ఆయన సంగతి ఇంకా సులువు. సల్వార్ కమీజ్ మీదికి పెషావరీ చప్పల్ వేసుకోమన్నారు. ముందు రెండు వెడల్పాటి తోలు పట్టీలు అడ్డంగా కలుస్తాయి, వెనక బకిల్, కింద మందపాటి అడుగు. షాపులోకి వెళ్ళాడు, కాలు పెట్టి చూశాడు, కొనుక్కుని బయటికొచ్చి టీ తాగుతూ కూర్చున్నాడు.

నాకు మాత్రం చుక్కలు కనిపించాయి. మన పెళ్ళిళ్ళలో చెప్పులదేముంది, మండపం ఎక్కితే ఎలాగూ విప్పేయాలి, చీర కుచ్చిళ్ళ కింద ఏం వేసుకున్నామో చూసేదెవరు? నా పెళ్ళికి మా పిన్ని హవాయి చెప్పులతో వచ్చి దర్జాగా తిరిగింది. అక్కడ ఆ పప్పులుడకవు. ఘరారా (మోకాళ్ళ దగ్గర్నుంచి కుచ్చులతో విచ్చుకునే పైజామా), లెహంగా పొడవు కూడా వేసుకోబోయే హీల్ ఎత్తుని బట్టే కుట్టిస్తారు. కాబట్టి చెప్పులు ముందు కొనాలి, కుట్టుపని తరవాత.

మెహందీ రాత్రి డాన్సులుంటాయి కాబట్టి హీల్స్ వద్దు, ఖుస్సా తీసుకో అంది స్నేహితురాలు. ఖుస్సా అంటే చేత్తో కుట్టిన తోలు జోడు, పైన వెల్వెట్టో పట్టో, దాని మీద జరీ పని, అద్దాలు, పూసలు. ముల్తాన్, బహావల్‌పూర్ వైపు చేసినవాటికి మంచి పేరు. సరిహద్దుకి ఇవతల పటియాలాలో దాన్నే జుత్తీ అంటారు. సరే అని గ్రీన్ స్ట్రీట్‌కి వెళ్ళాం. ఈస్ట్ హామ్‌లో ఉండే తెలుగువాళ్ళకి ఆ వీధి కొత్తేం కాదు.

షాపు పేరు చెప్పను. వెళ్ళేసరికి శనివారం, లోపల కాలు పెట్టే సందు లేదు, పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ అమ్మలు, అత్తలు. చిలకాకుపచ్చ వెల్వెట్ మీద బంగారు తీగ పని ఉన్న జత ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. సైజులన్నీ యూరప్ లెక్కలో ఉంటాయి, నాది 40. పెట్టి చూస్తే వేళ్ళు లోపలికి వెళ్ళాయి, పాదం మధ్యలోనే ఆగిపోయింది. రెండో కాలుకి వేరే చెప్పు ఇమ్మంటే ఆ కుర్రాడు నన్ను వింతగా చూశాడు. ఖుస్సాకి కుడి ఎడమలు ఉండవట. రెండూ ఒకే అచ్చు మీద చేస్తారు, తొడిగిన కొద్దీ ఏ కాలుది ఆ కాలు ఆకారానికి వస్తుంది. ఆ మాట ముందే చెబితే సొమ్మేం పోయింది? 41 తెచ్చాడు, అదీ అంతే. అప్పుడు కౌంటర్ దగ్గరున్న మనిషి, షాపు మొత్తానికీ వినపడేలా, "బాజీకి (అక్కకి) పాదం వెడల్పు, జెంట్స్‌లోంచి తియ్యి" అని అరిచాడు. తలలన్నీ తిరిగాయి. ఒక పెద్దావిడైతే వంగి మరీ నా కాళ్ళు చూసింది. ఆ కుర్రాడు నిజంగానే ముందు ముక్కు మెలితిరిగిన పెళ్ళికొడుకు జోడొకటి, షేర్వానీ కింద వేసుకునేది, తెచ్చి నా ముందు పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మలక్‌పేటలో పుట్టి సుల్తాన్ బజార్‌లో బేరాలాడి పెరిగినదాన్ని, నా హైదరాబాదీ హిందీలో ఏదో గట్టిగానే అన్నాను, అది విని అక్కడున్న ఆడవాళ్ళు ఇంకా నవ్వారు. మనిషి పాదం ఎలా ఉండాలో వీడెవడు చెప్పడానికి? పుట్టిన ఊళ్ళో చెప్పుల్లేకుండా పరిగెత్తిన పాదాలు ఇలాగే ఉంటాయి. నాకు సిగ్గేం లేదు, అని ఇప్పుడు రాయడం తేలికే గానీ అక్కడ చెవులు కాలిపోయాయి. తోలు కదా, రెండు రోజుల్లో వదులవుతుంది అని చెప్పి చివరికి ఆ చిలకాకుపచ్చ 41 జతే అంటగట్టాడు, 45 పౌండ్లు. మార్చడం, డబ్బు వెనక్కివ్వడం లేవని బిల్లు వెనక ముద్ర. ఇక్కడి చట్టంలో ఒక మెలిక ఉంది. షాపులో చూసి కొన్నది, అందులో లోపం లేకపోతే, వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత వాళ్ళకి లేదు. అదే బ్రిటన్‌లోని షాపు నుంచి ఆన్‌లైన్‌లో కొంటే చేతికందాక 14 రోజుల్లోపు వద్దనే హక్కు మనకుంటుంది, కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకుంటే మాత్రం కాదు. పాదం వెడల్పుగా ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఎవరి అరుపులూ వినక్కర్లేదు.

ఇంట్లో తొడుక్కుని వంటింటి దాకా నడిచేసరికి రెండు మడమలూ కరిచేశాయి. స్నేహితురాలు ఫోన్ వాళ్ళమ్మగారికిచ్చింది. ఆంటీ ఒకటే నవ్వు, "బేటా, పట్టుకుని రా" అన్నారు. ఆవిడ చేసింది చూస్తే ఆ షాపువాళ్ళ మీద కోపం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇది వాళ్ళకి తెలియకుండా ఉండదు. వెనక అంచుని లోపలి వైపు నుంచి వేలితో తడిమారు, దారం ముడి ఒకటి బొడిపెలా తగిలింది, నన్ను కరిచింది అదే. అంచు మీద గుడ్డ వేసి చపాతీ కర్రతో నెమ్మదిగా కొడుతూ మెత్తబరిచారు. తరవాత దూదితో లోపలి తోలుకి మాత్రమే ఆవనూనె రాశారు. వెల్వెట్‌కి తగిలితే మరక ఇక పోదు, అందుకని చిటికెన వేలు అడ్డం పెట్టి మరీ రాశారు. ఈ దేశంలో ఆవనూనె సీసా మీద "పైపూతకి మాత్రమే" అని రాసుంటుంది, ఆంటీ అది చూపించి, ఇదే కదా పైపూత అన్నారు. లోపల పెన్నుతో ఒకదానికి కుడి అని గుర్తు పెట్టి, మందం సాక్సులతో ఇంట్లో తిరగమన్నారు. కాళ్ళు మార్చి వేసుకోవద్దు, ఆకారం చెడుతుంది. తడిలోకి అసలే వద్దు, అడుగు కూడా తోలే.

ఇంకొకటి నేను కనిపెట్టాను. కొత్త తోలు అడుగు నున్నటి నేల మీద జారుతుంది. శాండ్ పేపర్‌తో కాస్త రుద్దితే ఆగుతుంది. మెహందీలో లుడ్డీ అనే పంజాబీ డాన్సు ఆడేటప్పుడు నా పక్కావిడ రెండుసార్లు జారింది, నేను జారలేదు.

నిఖా మసీదులో. చెప్పులు బయట అరలో విప్పాలి, కాబట్టి పట్టీలు, బకిళ్ళు ఉన్నవి పెట్టుకోకండి. ఇంతకంటే చెప్పడానికేం లేదు. వలీమాకి ఇంట్లో ఉన్న బ్లాక్ హీల్స్‌తోనే సరిపెట్టాను, హాలంతా తివాచీలే కాబట్టి సన్నటి హీల్ దిగబడుతుంది.

బరాత్ రోజు మాత్రం సరదా. పెళ్ళికొడుకు జోడు దాచే తంతులో ఆడపిల్లల జట్టులోకి నన్నూ లాగారు. మన దగ్గర ఫోటోగ్రాఫర్లు అడిగి చేయిస్తున్నారు గానీ ఇక్కడ వాళ్ళు ప్రాణం పెట్టి ఆడతారు. పెళ్ళికొడుకు సోఫాలో కూర్చోగానే మరదళ్ళు కాలు పట్టి లాగారు, ఖుస్సా కాబట్టి ఇట్టే ఊడొచ్చింది. జోడు తిరిగివ్వడానికి వీళ్ళు 500 పౌండ్లు అడిగితే అతని తమ్ముళ్ళు 50 అన్నారు. బేరం నా చేతికొచ్చింది. సుల్తాన్ బజార్ చదువు ఊరికే పోలేదు, 300 దగ్గర తెగింది. పంచుకుంటే నా వాటాకి 30 వచ్చింది. ఖుస్సాకి పోసిన 45లో ఇంకా 15 రావాలి, దానికి వాళ్ళ తమ్ముడి పెళ్ళి ఉంది.