దోమ లార్వాలకు రసాయనం లేని విరుగుడు
విజయవాడలో వానలు మొదలయ్యాక ఖాళీ స్థలాల్లోనూ, మేడల మీది పాత కూలర్లలోనూ నీరు నిలిచిందంటే, వారం పది రోజుల్లోనే గుడ్డు దోమగా మారి ఎగిరిపోతుంది. మా డాబా మీది తొట్టిలోకి టార్చి వేసి చూస్తే, క్యూలెక్స్ అనే రకం దోమ లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగులు, తలకిందులుగా వేలాడుతూ, తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి గాలి పీల్చుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది.

అటువంటి నీటిలో రసాయన మందు పోయడం కన్నా బీటీఐ అనే బాక్టీరియా పొడి కలపడమే మేలని నా దృఢమైన అభిప్రాయం. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో కనుగొన్న ఈ సూక్ష్మజీవి తయారుచేసే ప్రోటీన్ స్ఫటికాలను లార్వా మింగినప్పుడు, క్షారగుణం గల దాని పేగులో అవి కరిగి, పేగు గోడను ఛిద్రం చేస్తాయి. మనుషులకు గానీ, చేపలకు గానీ, తేనెటీగలకు గానీ ఆ విషం అంటదు. అయితే దోమగా మారే ముందు వచ్చే ప్యూపా దశకు చేరిన పురుగు ఏమీ తినదు కనుక, మందు అంతకు ముందే పడాలి.

వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం లార్వా కుబుసం విడవడాన్ని అడ్డుకుంటుంది గానీ, ఎండకు త్వరగా విరిగిపోతుంది.

గంబూసియా చేపలు లార్వాలను బాగానే తింటాయి. కానీ అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ జాతి స్థానిక చేపల గుడ్లనూ, పిల్లలనూ కూడా తినేస్తుంది కాబట్టి, దయచేసి వాటిని బుడమేరు వాగులోకి గానీ, కాలువల్లోకి గానీ వదలకండి.