పెళ్లి చేస్తే తింటాడన్నారు

ఒళ్లు కాస్త నిలదొక్కుకుంది కాబట్టి రాస్తున్నాను. నాకొచ్చిన జబ్బు అనొరెక్సియా, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు. మగవాళ్లకు కూడా వస్తుందా అని ఇప్పటికీ అడుగుతారు.

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక పొట్ట తగ్గిద్దామని మొదలుపెట్టాను. ముందు అన్నం మానేశాను, తర్వాత నూనె, చివరికి మజ్జిగ కూడా. కీరా ముక్కలు సైతం తూచుకుని తినేవాణ్ణి. ఆఫీసులో ‘ఏం డెడికేషన్ రా!’ అని మెచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే మా పిన్ని కూతురు రాత్రి భోజనం మానేస్తే ఇంటిల్లిపాదీ దాని వెంటపడ్డారు. నా దవడలు లోపలికి పోతే మాత్రం జిమ్ బాడీ అన్నారు.

ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకోవడం చూసి నాన్న నరసరావుపేట తీసుకొచ్చేశాడు. షుగర్, థైరాయిడ్, టీబీ, హెచ్ఐవీ అన్నీ చూశారు. ఏవీ లేవు. పెద్ద డాక్టరు నా వైపు చూడకుండానే నాన్నతో అన్నాడు: "కుర్రాడికేం లేదండీ. పెళ్లి చేయండి, పెళ్లాం వండిపెడితే అదే తింటాడు. ఈలోగా బాగా పెట్టండి." నాన్న నవ్వాడు కూడా.

అమ్మ బాగానే పెట్టింది. ఆమె ఏడుపు చూడలేక తిన్నాను. ముద్దపప్పు, నెయ్యి, గారెలు, పరమాన్నం. రెండు మూడు రోజులకే ఓ రాత్రి పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. పడుకుంటే ఊపిరాడలేదు. గుండె ఓసారి కొట్టుకుని, మళ్లీ కొట్టుకోవాలా వద్దా అన్నట్టు ఆగేది. గుంటూరు వెళ్లేదాకా కారులో అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని కోటప్పకొండ స్వామికి మొక్కుకుంటూ, "నేనే పెట్టానురా, నా చేత్తోనే పెట్టాను" అంటూనే ఉంది. ఆ మాట ఆమె చేత అనిపించినందుకు ఆ డాక్టరు మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు.

గుంటూరులో ఓ కుర్ర డ్యూటీ డాక్టరమ్మ రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం అనే లవణాలు ఎంతున్నాయో చూడమంది. రెండూ పడిపోయాయి. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా అన్నం, తీపి పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్ కణాల్లోకి వెళ్లిపోతుందట. గుండె ఆగినా ఆగొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో చెర నుంచి బయటపడి, తిండి దొరికాక చనిపోయినవాళ్లున్నారని చెప్పింది. ఆమెకు చేతులెత్తి మొక్కాలి.

జబ్బు పేరు చెప్పింది తర్వాత చూసిన సైకియాట్రిస్టు. 1689లోనే లండన్‌లో రిచర్డ్ మోర్టన్ అనే వైద్యుడు ఇలాంటి రోగులు ఇద్దరి గురించి రాశాడట. ఒకరు అమ్మాయి, రెండోవాడు పదహారేళ్ల అబ్బాయి. అయినా 2013 దాకా అమెరికా సైకియాట్రీ గ్రంథంలో ఈ జబ్బు లక్షణాల్లో నెలసరి ఆగిపోవడం ఒకటి! మగవాళ్లలో దానికి బదులు మగ హార్మోన్ తగ్గి కోరికలు చచ్చిపోతాయి. నన్ను ఆ సంగతి అడిగినవాడే లేడు, పెళ్లి చేయమన్నవాడు మాత్రం ఉన్నాడు.

తిండి మెల్లగా, డాక్టర్ల లెక్క ప్రకారం పెంచారు. కోటప్పకొండ మొక్కు అమ్మ తీర్చేసింది. నేనూ మెట్లెక్కాను, మధ్యలో కూర్చుంటూ.

మీ ఇంట్లో అబ్బాయి నలుగురితో కలిసి తినడం మానేసి, పూటపూటా బరువు చూసుకుంటుంటే ముందు ఈసీజీ, ఫాస్ఫేట్, పొటాషియం పరీక్షలు చేయించండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. మా బాబాయి కొడుకు ఈమధ్య బాగా చిక్కాడు. పరీక్షలు చేయించమని పిన్నికి చెబితే, "వాడికేం, హీరోలా తయారయ్యాడు" అంది. రేపు నేనే తీసుకెళ్తున్నాను.