పాత డెస్క్‌టాప్‌లో గేములు ఆడాలంటే ముందు పవర్ సప్లై లేబుల్ చదవండి

పాత సిస్టమ్‌లో గేములు ఆడాలంటే ఏం వేయాలని ఎవరిని అడిగినా ముందు గ్రాఫిక్స్ కార్డు పేరే చెప్తారు. నా లెక్కలో కార్డు ఎంచుకోవడం ఆఖరి పని. ముందు క్యాబినెట్ పక్క డోర్ తీసి పవర్ సప్లై లేబుల్ మీద ఉన్న అంకెలు, మదర్‌బోర్డు మోడల్, కార్డు పట్టే పొడవు, ఎత్తు కాగితం మీద రాసుకోండి. చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు తప్పు పార్టు కొంటే రెండోది కొనడానికి మిగలదు.

ఇప్పటికే ఏదో ఒక కార్డు ఉంటే, అసలు అడ్డం ఎక్కడుందో తేల్చుకోండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ వేసి, గేమ్ ఆడుతుండగా జీపీయూ (కార్డులోని ప్రధాన చిప్) వాడకం, ఒక్కో సీపీయూ (ప్రాసెసర్) కోర్ వాడకం తెర మీద కనబడేలా పెట్టుకోండి. జీపీయూ 95 శాతం పైనే ఉంటే కార్డు చాలడం లేదు. జీపీయూ 60 శాతం దగ్గర తిరుగుతూ ఏదో ఒక కోర్ నూటికి చేరుతుంటే ప్రాసెసర్ అందుకోలేకపోతోంది. ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకి తెర మీదకొచ్చే ఫ్రేముల సంఖ్య) గేమ్‌లో ఏదైనా పరిమితి గానీ, దాన్ని మానిటర్ వేగానికి కట్టేసే వీసింక్ గానీ ఉంటే ఈ పరీక్షకి ముందు తీసేయండి, లేకపోతే లెక్క తప్పుతుంది. అనుమానం తీరకపోతే రిజల్యూషన్‌ని 720పీకి దించి చూడండి. అయినా ఎఫ్‌పీఎస్ పెరగలేదంటే కొత్త కార్డు వేసినా పెద్దగా పెరగదు.

ఇక పవర్ సప్లై. లేబుల్ మీద పెద్దగా అచ్చేసిన మొత్తం వాట్లని పట్టించుకోకండి. 12 వోల్ట్ గడిలో ఎన్ని ఆంప్స్ ఉన్నాయో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా అక్కడి నుంచే లాగుతాయి. 18 ఆంప్స్ ఉంటే 12తో గుణించి 216 వాట్లు. 12 వోల్ట్ లైన్లు రెండున్నా వాటిని కలిపేయకూడదు, రెంటికీ కలిపి గరిష్ఠం ఎంతో లేబుల్ మీదే విడిగా ఉంటుంది. ఐ5-4570 లాంటి ప్రాసెసర్ టీడీపీ (పూర్తి పనిలో అది వెదజల్లే వేడికి కంపెనీ ఇచ్చే అంచనా, లాగే కరెంటూ దాదాపు అంతే) 84 వాట్లు. దానికి మదర్‌బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు కలుపుకుని, పాతబడిన సప్లై కాబట్టి కొంత మార్జిన్ వదిలితే, 216లో కార్డుకి మిగిలేది 75 వాట్ల చిల్లర. కార్డు కూర్చునే పీసీఐఈ స్లాట్ ఇవ్వగలిగేది కూడా 75 వాట్లే.

ఇక్కడే చాలామంది డిస్కులకి కరెంటిచ్చే సాటా వైరు నుంచి కార్డుకి పెట్టే 6 పిన్‌కి మార్చే చిన్న అడాప్టర్ కొంటారు. దయచేసి అది వాడకండి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్ట్‌కి ఉన్నవి మూడు పిన్నులు, పిన్నుకి ఒకటిన్నర ఆంప్ చొప్పున మొత్తం 54 వాట్లు. 6 పిన్ మీద కార్డు 75 వాట్ల దాకా లాగొచ్చు. గంటల తరబడి అలా లాగితే పిన్నులు వేడెక్కి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రంగు మారి, మెత్తబడి, చివరికి కరుగుతుంది. కార్డుకి విడిగా కరెంటు కావాలంటే 6 పిన్ లేదా 8 పిన్ వైరు సొంతంగా ఉన్న మంచి పవర్ సప్లై కొనాల్సిందే. మొత్తం సిస్టమ్‌లో పొదుపు చేయకూడని పార్టు ఇదొక్కటే, సెకండ్ హ్యాండ్‌లో కూడా తీసుకోవద్దంటాను.

ఆఫీసుల నుంచి వచ్చే బ్రాండెడ్ సిస్టమ్‌లకి ఇంకో చిక్కుంది. డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020లలో బోర్డుకి వెళ్లే పవర్ వైరు మామూలు 24 పిన్ కాదు, 8 పిన్. బయట దొరికే సప్లై పెట్టాలంటే మధ్యలో 24 నుంచి 8కి మార్చే కేబుల్ కావాలి. పైగా సన్నటి క్యాబినెట్లలో సప్లై ఆకారమే వేరు, కార్డు కూడా లో ప్రొఫైల్‌ది, అంటే ఎత్తు తక్కువది అయితేనే పడుతుంది.

సప్లై మార్చే వీలు లేనివాళ్లు స్లాట్ కరెంటుతోనే నడిచే కార్డులు చూడాలి. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650, ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఆ కోవలోవి. 1650లో 6 పిన్ అడిగే మోడళ్లూ ఉన్నాయి, ఫొటోలో కార్డు అంచు చూసి కొనండి. ఆర్‌ఎక్స్ 6400కి స్లాట్‌తో డేటా మార్చుకునే దారులు, అంటే లేన్లు, నాలుగే ఉంటాయి. పీసీఐఈ 4.0 బోర్డులో బాగానే నడుస్తుంది, 3.0లో తగ్గుతుంది, రెండో తరం ఇంటెల్ బోర్డుల్లోని 2.0లో మరీ ఇరుకైపోతుంది. ఉన్నదే 4 జీబీ మెమరీ కాబట్టి అది నిండి ర్యామ్ వైపు పొంగినప్పుడల్లా గేమ్ ఆగి ఆగి కదులుతుంది. పాత బోర్డుకి దీన్ని నేను సూచించను. ఇంటెల్ ఆర్క్ ఏ380 కూడా అంతే, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డులో బాగా వెనకబడిపోతుంది. ఈ వరసలో స్థోమత ఉంటే 3050 6 జీబీ, లేకపోతే సెకండ్ హ్యాండ్ 1650.

1050 టీఐ కొనే ముందు ఒక సంగతి. జీటీఎక్స్ 10 సిరీస్‌కి కొత్త గేముల కోసం వచ్చే డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగాయి. సెక్యూరిటీ అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా ఇస్తామని ఎన్విడియా చెప్పింది. పాత గేములకి ఇబ్బంది లేదు.

సప్లై మారిస్తే సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 8 జీబీ ఇప్పటికీ పనికొస్తుంది. 185 వాట్ల కార్డు, సాధారణంగా 8 పిన్ అడుగుతుంది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో షేడర్ల (కార్డులోని చిన్న లెక్కింపు యూనిట్ల) సంఖ్య 2304 ఉండాలి, 2048 కనిపిస్తే అది తగ్గించిన రకం. క్రిప్టో మైనింగ్‌లో అరిగినవి చాలా తిరుగుతున్నాయి కాబట్టి కొనేచోటే పావుగంట ఫర్‌మార్క్ అనే కార్డు పరీక్ష ప్రోగ్రామ్ నడిపించి, తెర మీద చుక్కలు గానీ గీతలు గానీ వస్తున్నాయా, ఫ్యాన్లు ఒకే వేగంతో తిరుగుతున్నాయా చూడండి.

ప్రాసెసర్ చాలడం లేదని తేలితే బోర్డు మార్చకుండా అదే సాకెట్‌లో పైదానికి వెళ్లడం చవక. నాలుగో తరం ఐ5లో నాలుగు కోర్లకి నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పని వరసలు). ఐ7-4770కి గానీ జియాన్ ఈ3-1231 వీ3కి గానీ ఎనిమిది. ఇప్పటి గేముల్లో ఈ తేడా సగటు ఎఫ్‌పీఎస్ కన్నా మధ్యమధ్య వచ్చే కుదుపుల్లో బాగా తెలుస్తుంది. ఈ జియాన్‌కి లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తీస్తే తెర రాదు. బోర్డు తయారీదారు ఇచ్చిన సీపీయూ జాబితాలో దాని పేరుందో లేదో ముందే చూడండి. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవాళ్లది అదృష్టం. మొదటి తరం రైజెన్‌తో వచ్చిన బీ350 బోర్డుల్లో చాలావాటికి బయోస్ (బోర్డులోని మూల ప్రోగ్రామ్) అప్‌డేట్ చేస్తే రైజెన్ 5 5600 పడుతుంది. అప్‌డేట్ మాత్రం పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి.

ర్యామ్ 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే ఇంకో 8 జీబీ స్టిక్ వేసి డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసేలా) చేయండి. ఏ స్లాట్లలో వేయాలో మాన్యువల్‌లో ఉంటుంది, వేశాక సీపీయూ-జెడ్‌లో సరిచూసుకోండి. చాలా చవగ్గా దొరికే సర్వర్ ర్యామ్, అంటే రిజిస్టర్డ్ రకం, మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పనిచేయదు. ఎస్‌ఎస్‌డీ విషయంలో సాటాదే చాలు, పీసీఐఈ మీద నడిచే ఎన్‌వీఎంఈ రకం నుంచి బూట్ కాని పాత బోర్డులు బోలెడు. ఎస్‌ఎస్‌డీ లోడింగ్ తగ్గిస్తుంది, ఎఫ్‌పీఎస్ పెంచదు.

బిగించేటప్పుడు వరస ఇది. పాత డ్రైవర్‌ని డీడీయూ అనే టూల్‌తో పూర్తిగా తీసేయండి. బయోస్‌ని ఆఖరి వెర్షన్‌కి తెచ్చుకోండి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కార్డుని స్లాట్ చివర ఉన్న గొళ్లెం టక్కుమనేదాకా నొక్కండి. మానిటర్ వైరు బోర్డుకి కాదు, కార్డుకే పెట్టండి. తెర నల్లగా ఉండిపోతే ముందు ఈ వైరు, తర్వాత పవర్ కనెక్టర్, ఆ తర్వాత బయోస్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే) సెట్టింగ్ చూడండి. యూఈఎఫ్‌ఐ (బయోస్‌కి కొత్త రూపం) లేని మరీ పాత బోర్డుల్లో కొన్ని కొత్త కార్డులు అసలు తెర ఇవ్వవు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే. వాలరెంట్ లాంటి గేములు విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే బోర్డు భద్రతా సదుపాయాలు అడుగుతాయి. మీరు ఆడేది అలాంటి గేమే అయితే, పాత బోర్డు మీద ఖర్చు పెట్టకముందే ఇది చూసుకోండి.

ఆఖరికి, మొదటి పది నిమిషాలు బాగా ఆడి తర్వాత మందగిస్తే కొత్త పార్టుని అనుమానించకండి. ప్రాసెసర్ హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ చూడండి. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. ఎఫ్‌పీఎస్‌ని 60 దగ్గర ఆపి, షాడోలు ఒక మెట్టు దించితే వేడి, కరెంటు రెండూ తగ్గుతాయి. టెక్స్చర్ క్వాలిటీని మాత్రం కార్డు మెమరీలో పట్టినంత వరకూ దించనక్కర్లేదు.