చలికాలపు కథలకు వేసవి గడువు: నా అనుభవం

అమెరికాలో నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతమైన నవాహో నేషన్‌లో చిత్రీకరణకు అనుమతి దొరకడమే గగనమని, దగ్గర్లోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణంలో చాలామంది భయపెట్టారు గానీ, ఆ పని దరఖాస్తు, రుసుములతో సాఫీగా అయిపోయింది. దర్శకురాలు అక్కడి ఆడపడుచే; నేను శబ్దగ్రహణంతోపాటు కాగితాల పనీ చూశాను. ఊరి చాప్టర్ (స్థానిక పాలనా విభాగం) సమావేశంలో ఆమె తల్లి, తండ్రి, ఇద్దరు తాతల వంశాలు వరుసగా చెప్పుకోగానే ఒక పెద్దావిడ వరస కలిపి, మనవరాలా అని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మమ్మల్ని ఏడిపించింది నిధులిచ్చిన సంస్థ. ఆ అవ్వ చెప్పే కొయోటీ నక్క కథలే మా చిత్రానికి ప్రాణం. పాములూ ఎలుగుబంట్లూ నిద్రలో ఉండే చలికాలంలోనే, తొలి ఉరుము వినపడకముందే వాటిని చెప్పాలన్నది అక్కడి కట్టుబాటు. సంస్థేమో జులైలోగా ఆ దృశ్యాలు పంపకపోతే రెండో విడత డబ్బు ఆపేస్తామంది. వీడియో సమావేశంలో ఒక అధికారి, "ఇప్పుడు చెప్పించండి, చలికాలంలో విడుదల చేద్దాం" అన్నాడు. దర్శకురాలు ఓపికగా వివరిస్తూ ఉండగానే ఆమెను ఆపి, నావైపు తిరిగి, "మీరు బయటివారు కదా, మీరైనా ఆవిడకు నచ్చజెప్పండి" అన్నాడు. సొంత అవ్వల కథల విషయంలో ఆమె మాట చెల్లదట, హైదరాబాదు నుంచి వచ్చిన నా మాట చెల్లుతుందట! 1939 మొదలు నవాహో నేలలోని మాన్యుమెంట్ వ్యాలీలో నవాహోల చేత వేరే తెగలైన అపాచీ, కొమాంచీల వేషాలు వేయించిన హాలీవుడ్ పెత్తనమే ఆ గొంతులో వినిపించి నాకు ఒళ్లు మండింది.

డబ్బు వెనక్కి ఇచ్చేస్తానని దర్శకురాలు లిఖితపూర్వకంగా తెలియజేసిన తర్వాతే వారు దిగివచ్చారు. వేసవిలో యురేనియం గనుల భాగం తీశాం. 1944 నుంచి 1986 దాకా ఆ నేలలో దాదాపు 3 కోట్ల టన్నుల ఖనిజం తవ్వుకుని, 500కు పైగా గనులను అలాగే వదిలేశారు. ఆ పక్కనే గొర్రెలు మేపుకునే కుటుంబాలు మాతో మాట్లాడాయి.

ఇలాంటి పనికి దిగేవారు ఫోన్‌లో ఇచ్చే హామీలను నమ్మవద్దు. ఏ కథ ఏ ఋతువులో తీస్తారో, ముడి దృశ్యాల మీద హక్కు ఎవరిదో సంతకానికి ముందే ఒప్పందంలో రాయించుకోండి.

జనవరిలో హోగన్ అనే నవాహో సంప్రదాయ ఇంట్లో, పొయ్యిలో జునిపర్ కట్టెలు చిటపటలాడుతుండగా అవ్వ కథలు చెప్పారు. ఆ చప్పుడు తీసేయమని సంస్థవారు అడిగినా దర్శకురాలు ఒప్పుకోలేదు. ముడి శబ్దం మొత్తాన్ని అవ్వ కుటుంబానికి అప్పగించాం. సంస్థకు పంపింది చిత్రంలో ఉన్న భాగం మాత్రమే.