మీటరు ఆపిన బైకే

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మరిది అన్న మాట ఇంకా గుచ్చుతోంది. టీవీలో కరెంటు చౌర్యం వార్త వస్తుంటే, "వదినా, నువ్వు చదివిన దేశంలో ఊరి ఎలక్ట్రీషియనే మీటర్లు ఆపేవాడటగా" అని ఒకటే నవ్వు. ఆ సంగతి చెప్పింది నేనే. నవ్వడానికి చెప్పలేదు. మావారు పప్పు కలుపుకుంటూ తలెత్తలేదు, అది ఇంకా మంట.

2008 చివర్లో తొక్తొగుల్ రిజర్వాయరులో నీళ్లు అడుగంటి కిర్గిజ్‌స్తాన్ అంతా కోతలే. అక్కడ కరెంటంటే దాదాపు అంతా ఆ రిజర్వాయరున్న నారిన్ నది మీదిదే మరి. ఆ సెలవుల్లో రూమ్మేటు నన్ను ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున వాళ్ల ఊరికి తీసుకెళ్లింది. వాళ్ల బాబాయే ఊరి ఎలక్ట్రీషియను. అందరికీ బైకే, అంటే వాళ్ల భాషలో అన్న. అక్కడివి కాంక్రీటు దిమ్మెకి ఇనుప తీగతో బిగించిన చెక్క స్తంభాలు. బూట్లకి ఇనుప కొక్కేలు కట్టుకుని, ఆ చలిలో చకచకా ఎక్కేవాడు. చేతి తొడుగులు చిరిగినచోట నల్ల టేపు చుట్టి ఉండేది.

సోవియట్ రోజుల్లో వేసవిలో వీళ్లు నది దిగువనున్న పొరుగు దేశాల పత్తికి నీళ్లు వదిలేవారు, చలికాలానికి అక్కణ్నుంచి గ్యాసూ బొగ్గూ వచ్చేవి. 1991 తర్వాత డబ్బు కడితేనే. కోల్ఖోజ్, అంటే ఊరి సమష్టి వ్యవసాయ క్షేత్రం, మూతపడింది, దాచుకున్న రూబుళ్లు కొరగాకుండా పోయాయి. బైకేకి జీతం బదులు పిండి బస్తా ఇచ్చిన నెలలున్నాయట. రాత్రిపూట అల్యూమినియం తీగలు కోసుకెళ్లి తుక్కుకి అమ్మేవారట, పొద్దున్నే ఈయన మళ్లీ లాగేవాడు. బొగ్గు కొనలేనివాళ్లంతా కరెంటు హీటర్ల మీద పడ్డారు.

పక్కింటి ముసలమ్మ పింఛను బిల్లుకే చాలదు. బైకే ఆవిడ మీటరు ఆపేశాడు. ఆవిడ ఆయన జేబునిండా కురుత్, అంటే ఎండబెట్టిన పెరుగు ఉండలు, కుక్కింది. ఉప్పుప్పగా, రాయిలా ఉంటాయి. నాకూ ఒకటిచ్చాడు. ఇందులో దొంగతనం ఎక్కడుంది?

అని రాసేశాను గానీ, ఆ జనవరి గుర్తొస్తోంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అది బల్బులకీ ఇస్త్రీపెట్టెలకీ వేసింది, ఇంటింటికీ హీటరు మోయమంటే ఎలా మోస్తుంది? పసిపిల్లలున్న ఇళ్లు కూడా చీకట్లో గడ్డకట్టాయి. మా మరిది మాటలో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. ఆ నవ్వు మాత్రం ఒప్పుకోను.

2010లో అక్కడ కరెంటు ధర రెట్టింపు చేశారు. ఏప్రిల్లో రాజధాని బిష్కెక్‌లో జనం రోడ్డెక్కారు, కాల్పుల్లో 80 మందికి పైగా పోయారు, అధ్యక్షుడు బకీయెవ్ పారిపోయాడు. మాకు క్లాసుల్లేవు, హాస్టల్ కిటికీల దగ్గరికి రావద్దన్నారు. నాన్న ఫోన్లో 2000 ఆగస్టులో కరెంటు ఛార్జీల గొడవలో జరిగిన బషీర్‌బాగ్ కాల్పులు గుర్తు చేసుకుంటూ ఒకటే టెన్షన్.

అసలు నాకు మింగుడుపడనిది ముసలమ్మా కాదు, బైకే కూడా కాదు. అదే వీధిలో రష్యాలో వ్యాపారం చేసొచ్చిన ఒకాయన ఇంటి వెనక ఆవిరి స్నానానికి గది కట్టి కరెంటు పొయ్యి పెట్టుకున్నాడు. ఆయనదీ ఆపిన మీటరే, బతిమాలి కాదు, బెదిరించి చేయించుకున్నది. ట్రాన్స్‌ఫార్మర్ బాగుకి బైకే ఇల్లిల్లూ తిరిగి చందా అడిగితే ముసలమ్మ తన వాటా రుమాల్లో మూటగట్టి ఇచ్చింది. ఆయన మాత్రం ఊళ్లో లేనని చెప్పించాడు.