ట్రిమ్ నిలవని విమానం: ఎడమ ఐలరాన్ గొడవ

నా రిమోట్ బొమ్మ విమానం విరక్కుండా ఇంటికొచ్చింది. అయినా చిరాకు తగ్గలేదు. ట్రిమ్ అంటే స్టిక్కు వదిలినా తిన్నగా పోయేలా రిమోట్‌లో చేసే చిన్న సర్దుబాటు. అది ఒకసారి కుదిరితే నిలవాలి కదా, ఇది నిలవదు. స్టిక్కు వదిలేస్తే తిన్నగా పోతుంది. ఒక రౌండు తిప్పి మళ్లీ వదిలితే మెల్లగా ఎడమకు ఒరుగుతుంది. కుడికి నాలుగు ట్రిమ్ క్లిక్కులు కొట్టి హమ్మయ్య అనుకునేలోపు కుడికి లాగడం మొదలు.

ఇది నా పాత ఫోమ్ బోర్డు హైవింగ్ ట్రైనర్, అంటే రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల విమానం: రెక్క పొడవు 1200 మి.మీ., కార్డ్ (రెక్క వెడల్పు) 200 మి.మీ., బ్యాటరీతో కలిపి 780 గ్రాములు. సీజీ (బరువు కేంద్రం) రెక్క ముందు అంచు నుంచి 55 మి.మీ. దగ్గర పెట్టాక ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే తోక పలక) గోల తీరిపోయింది. ఎగరేసేది కోవూరు అవతల, కోత అయిపోయిన మడిలో. మే నెలలో నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే. తెల్లారి ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిలోపు సర్దేయాలి. గాలి లేచాక ట్రిమ్ చూడటం దండగ.

ఎడమకు ఒరుగుతోందంటే ముందు మోటారు టార్క్‌నే, అంటే ప్రొపెల్లర్ తిరిగే వైపుకు ఎదురుగా విమానాన్ని తిప్పే బలాన్నే, అనుమానిస్తారు. బాగా పైకి తీసుకెళ్లి థ్రాటిల్ పూర్తిగా తీసేశాను. టార్క్ అయితే ఆ క్షణమే ఒరగడం ఆగాలి. ఆగకపోగా వేగం తగ్గేకొద్దీ పెరిగింది. కాబట్టి టార్క్‌కు విరుగుడుగా మోటారుకు ఇచ్చిన 2 డిగ్రీల కుడి వాలు జోలికి పోలేదు. ఎడమ రెక్క కాస్త బరువుంటే కుడి కొనకు రూపాయి బిళ్ల అంటించాను, సరిపోయింది. ఎడమ కొన దగ్గర వెనక అంచు కుడిదానికంటే 3.5 మి.మీ. పైకి లేచి ఉంది, అంటే ఒక డిగ్రీ మెలిక. హీట్ గన్‌తో తీసేశాను. ఇవన్నీ అయ్యాక కూడా అదే వరస.

ఎప్పుడూ ఒకే వైపు లాగితే అది రెక్కలో లోపం. ఇది ఇప్పుడే అటు, ఇప్పుడే ఇటు. ఏదో కదిలి మళ్లీ చోటికి రావడం లేదన్నమాట. ప్రొపెల్లర్ ఊడదీసి, రెక్కను టేబుల్‌కు టేపుతో బిగించి, ఎడమ ఐలరాన్ (రెక్క వెనక పైకీ కిందికీ కదిలి విమానాన్ని ఒరిగించే పలక) వెనక అంచు పక్కన స్టీల్ స్కేలు నిలబెట్టాను. స్టిక్కు ఎడమకు పూర్తిగా నెట్టి మెల్లగా మధ్యకు తెస్తే ఐలరాన్ 1.5 మి.మీ. పైనే ఆగిపోయింది. కుడికి నెట్టి తెస్తే 0.5 మి.మీ. కింద ఆగింది. ఎన్నిసార్లు చేసినా ఇవే అంకెలు. కుడి ఐలరాన్ మాత్రం రెండు వైపుల నుంచీ మధ్య గీత మీదికే వస్తోంది.

ఐలరాన్ వెడల్పు 40 మి.మీ. కాబట్టి 1.5 మి.మీ. అంటే దాదాపు 2 డిగ్రీలు. హార్న్ (ఐలరాన్‌ను తిప్పే కడ్డీ తగిలే కొమ్ము) దగ్గర అది అర మిల్లీమీటరు కదలికే, కంటికి ఆనదు. ఎడమ టర్న్ తర్వాత ఎడమకు, కుడి టర్న్ తర్వాత కుడికి ఎందుకు పోతోందో అక్కడ తెలిసింది. నేను కొట్టిన ప్రతి క్లిక్కూ అంతకుముందు తిప్పిన టర్న్‌కు జవాబు. గాలిలో వేగం ఉన్నప్పుడు గాలే ఐలరాన్‌ను కొంత మధ్యకు నెడుతుంది. నెమ్మదించి దిగేటప్పుడు ఆ సాయం ఉండదు. దిగేటప్పుడు ఒరుగుడు పెరగడానికి కారణం అదే అని నా అంచనా.

ఇక దోషి ఎవరు? చేతిలోని రేడియో (రిమోట్) డిస్‌ప్లే మెనూలో స్టిక్కు స్థానం చూపే చానెల్ గీత కచ్చితంగా మధ్యకే వస్తోంది. ఈ ధరలో ఫ్లైస్కై ఐ6ను మించిన రేడియో లేదని నా అభిప్రాయం. కడ్డీ ఊడదీసి చూస్తే సర్వో (కడ్డీతో ఐలరాన్‌ను కదిపే బుల్లి మోటారు) చేయి కూడా అదే చోటికి వస్తోంది. అప్పుడు ఐలరాన్‌లను వేలితో ఎత్తి వదిలాను. కుడిది టపీమని పడింది. ఎడమది ఎత్తిన చోటే నిలబడింది! హింజ్ (ఐలరాన్ మడిగే టేపు కీలు) దగ్గర గీరితే టేపు జిగురు ఎండకు కరిగి మడతలోకి దిగి, దుమ్ము పట్టి నల్లగా బంకలా ఉంది. దానికి తోడు కడ్డీ 1 మి.మీ. తీగ, 110 మి.మీ. పొడవు. కోసిన వరి కొయ్యకాళ్లు తగలకుండా సర్వోలు రెక్క పైన పెట్టాను కాబట్టి, ఐలరాన్ కిందికి రావాలంటే కడ్డీ నెట్టాలి. లాగినప్పుడు తిన్నగా ఉండే తీగ నెట్టినప్పుడు మధ్యలో విల్లులా వంగుతోంది. 1.5కీ 0.5కీ తేడా అక్కడే.

జిగురు తుడిచి, టాల్కమ్ పౌడర్ చల్లి, కొత్త టేపు వేసి, 1.5 మి.మీ. తీగ పెట్టాను. ఇప్పుడు పైన 0.4, కింద 0.3. మొన్న ఉదయం రెండు వైపులా తిప్పి వదిలినా తిన్నగానే పోయింది, దిగేటప్పుడు మాత్రం ఇంకా కొంచెం ఒరుగుతోంది. మిగిలింది సర్వో గేర్ పళ్లలో ఆట (వదులు) అని అనుమానం. మెటల్ గేర్ సర్వో వేసెయ్ అంటారు గానీ, మెటల్ అంటే బలం, కచ్చితత్వం కాదు. నాతో వచ్చే కుర్రాడేమో “గైరో పెట్టెయ్ అన్నా, అన్నీ అదే చూసుకుంటుంది” అంటాడు. గైరో అంటే ఒరిగినప్పుడల్లా తనే సరిచేసే పరికరం. అది పెడితే రోగం కనబడదు, అంతే. గట్టు మీది పెద్దాయన ప్రశ్న వేరు: “ఏంది సామీ, మందు కొట్టే డ్రోనా ఇది?”

తర్వాత కడ్డీని సర్వో చేతి లోపలి రంధ్రానికి మారుస్తా. ఐలరాన్ తిరగడం తగ్గుతుంది, ఆట కూడా అదే లెక్కన తగ్గాలి. ఈలోగా ఐలరాన్లే లేని, కొనలు పైకి లేచిన రెక్క ఒకటి కోయడం మొదలుపెట్టాను. రడ్డర్‌తోనే (తోక చుక్కాని) తిరిగే గ్లైడర్ అది. వానలు పడేలోపు మైపాడు బీచ్ గాలిలో చూడాలి, ఇసుక మోటారులోకి పోకుండా ముక్కుకు ఏదన్నా తొడుగు దొరికితే.